బాడీ తయారైంది

ఎవరి కొలత వాళ్ళు తీసుకోలేరు. తొమ్మిదేళ్ళు బాడీలు అమ్మి నేను నేర్చుకున్న విద్యంతా ఈ ఒక్క ముక్కే. అద్దం ముందు నిలబడి చుట్టుకుంటే ముందు టేపు బాగానే కనిపిస్తుంది. వెనక అది జారిపోతుంది. జారినట్టు మనకి తెలియదు. అందుకే ఇంట్లో కొలుచుకుని చీటీ మీద రాసుకొచ్చిన వాళ్ళని కూడా నేను ఊరికే వదలను. చీటీ బల్ల మీద పెట్టించి, తెర వెనక్కి తీసుకెళ్ళి మళ్ళీ కొలుస్తాను.

భిలాయి ఊళ్ళో, సుపేలా బజారులో గాజుల సందు లోపల మూడో కొట్టు నాది. బోర్డు మీద బనీను తొడుక్కుని కండలు చూపిస్తున్న మగాడి బొమ్మ ఉంటుంది. అది మా ఆయన వేయించింది. ఆయన బనీన్లు, డ్రాయర్లు అమ్మేవారు. ఆయన పోయాక డ్రాయరు అడగడానికి నా ముందు నోరు పెగలక మగాళ్ళు రావడం మానేశారు. సరే, మీ సిగ్గు మీ దగ్గరే ఉంచుకోండని ఆడవాళ్ళ సరుకు తెప్పించాను. బొమ్మ మార్పిద్దామంటే దాని బదులు ఏ బొమ్మ వేయించను? అందుకని ఆ కండలవాడు అలాగే ఉండిపోయాడు.

మిగతా కొట్లలో అమ్మేది మగాళ్ళే. భయ్యా ఒక్కసారి పైనుంచి కిందకి చూసి, "చౌంతీస్" అని ముప్పై నాలుగు పెట్టె విసిరేవాడు. కొనడానికి వెళ్ళిన ఆడమనిషి ఆ చూపు పడలేక, అదే పుచ్చుకుని పారిపోయి వచ్చేది. జన్మంతా భుజాల మీద గాట్లతో తిరిగేది. అలాంటి వాళ్ళు నా దగ్గరికొచ్చి, "వో వాలీ చీజ్ దిఖానా దీదీ" అని గుసగుసలాడేవారు. నేను గొంతు తగ్గించేదాన్ని కాను. "ఏం చీజ్? దానికి పేరు లేదా?" అని గట్టిగా అడిగేదాన్ని. హిందీ వాళ్ళకి అది చీజ్, అంటే వస్తువు. మన తెలుగు ఆడవాళ్ళకి బాడీ. బ్రా అన్న మాట పత్రికలు చదివే అమ్మాయిలు మాత్రమే అనేవారు, అది కూడా గోడలకి వినపడకుండా. మరోదా నుంచి జాముల్ దాకా తెలుగువాళ్ళంతా నా కొట్టుని బాడీల కొట్టు అనే అనేవారు.

మగాళ్ళు మాత్రం నా గుమ్మం తొక్కరు. పెళ్ళాన్ని దింపి, ఎదురుగా పాన్ ఠేలా బండి దగ్గర నిలబడి, ఆకాశంలో విమానమేదో పోతున్నట్టు పైకి చూస్తూ ఉంటారు. ఆ ఠేలా దగ్గర ఎన్ని మెడలు పట్టేశాయో.

ఇలా హాస్యాలాడతాను గానీ, ఆరింటికి షట్టరు దించితే మళ్ళీ పొద్దున్న పదింటిదాకా నాతో మాట్లాడే మనిషి ఉండేది కాదు. కొట్టు వెనక ఒక గది. గదిలో మంచం, స్టవ్వు, ఒక కంచం. పిల్లల్లేరు. రోజంతా నలుగురి ఒళ్ళూ ముట్టుకునే దాన్ని, నన్ను ఎవరైనా ముట్టుకుని ఎన్నాళ్ళయిందా అని ఒకసారి ఆలోచించి ఏడ్చాను. తర్వాత ఆ ఆలోచన దగ్గరికి పోలేదు.

తొంభై అయిదు ఎండాకాలంలో జోగమ్మ వచ్చింది.

ఏప్రిల్ మొదటి వారం. పన్నెండు దాటింది, సందులో కుక్క కూడా లేదు. అంత ఎండలోనూ రెండు భుజాల మీదుగా కొంగు బిగించి కప్పుకున్న మనిషి గుమ్మంలో నిలబడింది. ముప్పై ఎనిమిదేళ్ళుంటాయి. ఎడమ భుజం పైకి లేచి, కుడి భుజం కిందకి వాలి, నెత్తిన మోపు ఒక పక్కకి ఒరిగినట్టుగా ఉంది నిలబడ్డం.

"బాడీ కావాలప్పా" అంది.

అక్కని అప్పా అనే ఆ మాటతోనే శ్రీకాకుళం పక్క మనిషని తెలిసిపోయింది. మాది విజయనగరం. "ఏ సైజమ్మా?" అన్నాను.

"ఒక పక్కకే కావాల. రెండోది లేదు."

తొమ్మిదేళ్ళలో నేను చూడని ఒళ్ళు లేదనుకునేదాన్ని. నోట్లోంచి "అయ్యో" అని వచ్చేసింది.

"అయ్యో అనకప్పా. అయ్యో అనేవోళ్ళు మరోదా నిండా ఉన్నారు. నీకాడ కొలత ఉంటాదని పెద్దాసుపత్రి సిస్టరమ్మ సెప్తే వొచ్చినాను."

నాకు సిగ్గేసింది. తెర వెనక్కి రమ్మన్నాను. మాఘమాసంలో ఆపరేషన్ అయిందట. గడ్డ తీస్తామని మత్తిచ్చారు, లేచి చూసుకుంటే ఎడమ పక్క మొత్తం పోయింది. మచ్చ మానింది గానీ ఇంకా ఎర్రగా ఉంది. దానికి తగలకుండా టేపు చుట్టాను.

"గుడ్డలు కుక్కినాను" అంది తన పాత బాడీ చూపిస్తూ. "సెయ్యెత్తితే మెడకాడికొచ్చేస్తాది. నీళ్ళపంపు కాడ అందరూ సూసి నవ్వినారు."

"నవ్వినవాళ్ళ నోళ్ళు పడిపోను. గుడ్డకి బరువు ఎక్కడుంది? అటు బరువుంది, ఇటు లేదు. అందుకే నువ్వు ఒరిగిపోతున్నావు" అన్నాను.

"ఒరిగిపోన్నానా?" అని అద్దంలోకి చూసుకుంది. ఎవరూ చెప్పలేదట. ఇంట్లో మనిషి లేడా అన్నాను. ఉన్నాడంది. అప్పలసూరి, స్టీలు ప్లాంటు కోక్ ఓవెన్స్‌లో పని. ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన రోజు నుంచి మంచం వరండాలో వేసుకున్నాడు. అన్నం పెడితే తింటాడు, మందులు తెస్తాడు, మొహంకేసి చూడడు.

"నన్ను సూస్తే అసియ్యం" అంది జోగమ్మ. ఆ మాట ఏడవకుండా చెప్పింది. పిల్లలు లేని ఇల్లట వాళ్ళదీ.

ఆ రోజు నుంచి మా ఇద్దరికీ ఒకటే పని. ఎడమ పక్కకి సంచీలాంటిది కుట్టి, దాంట్లో ఏం నింపాలి? దూది నింపితే బరువు లేదు. ఇసక నింపితే గరుకు, పైగా కుట్ల సందులోంచి కారింది. ఆవాలు నింపితే నడుస్తుంటే గలగలమని చప్పుడు. "ఓలప్పా, నానేటి గంగిరెద్దునా?" అని నవ్వింది. ఆ నవ్వు వినడం అదే మొదటిసారి.

చివరికి చోళ్ళు గుర్తొచ్చాయి, అవే రాగులు. సన్నటి గింజ, బరువుంది, చప్పుడు లేదు, ఎటు వంగితే అటు సర్దుకుంటుంది. మన పక్క చోళ్ళంబలి తాగని ఇల్లుంటుందా? సంచీలో పోసి, కుట్టేసి, తొడిగాను. చీపురుపుల్లల కట్ట తెచ్చి భుజాల మీద అడ్డంగా పెట్టాను. కట్ట తిన్నగా నిలబడింది. నాలుగడుగులు వెయ్యమన్నాను. వేసింది. చెయ్యెత్తమన్నాను. ఎత్తింది. సంచీ ఉన్నచోటే ఉంది. ఇద్దరం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని, పెద్ద ఘనకార్యం చేసిన వాళ్ళలా టీ తాగాం.

మూడోరోజు వచ్చింది. మొహం అదోలా ఉంది.

"అప్పా, లోపల గుచ్చుకుంటన్నాది."

విప్పి చూద్దును గదా, కుట్లలోంచి తెల్లగా, వెంట్రుకల్లా, బారెడు మొలకలు! భిలాయి ఎండ, ఒంటి చెమట, గుడ్డలో మూటకట్టిన చోళ్ళు. మన అమ్మలు మొలకలు కట్టేది ఇలాగే కదా. చిన్నప్పటి నుంచీ చేతులారా చేసిన పనే, ఇద్దరు ఆడవాళ్ళల్లో ఒక్కదానికీ బుర్ర వెలగలేదు.

"పంట పండినాది" అంది జోగమ్మ.

అంతే. ఇద్దరం నేల మీద కూలబడ్డాం. నవ్వి నవ్వి నాకు డొక్కలో నొప్పి వచ్చింది. బయట ఎవరో మార్వాడీ ఆవిడ "దీదీ, దీదీ" అని పిలిచి పిలిచి వెళ్ళిపోయింది. పోతే పోనీ అనుకున్నాను. అలా నవ్వి ఎన్నాళ్ళయిందో నాకే తెలియదు.

అప్పటినుంచి వేయించి పొయ్యడం మొదలుపెట్టాం. వేయించిన గింజ మొలవదు. ఎంతసేపు వేయిస్తే మాడకుండా ఉంటుంది, ఎంత పోస్తే భుజం సమంగా నిలుస్తుంది, సంచీ విడిగా తీసి బాడీ ఉతుక్కునేలా లోపల జేబు ఎలా కుట్టాలి, ఇదంతా తేలేసరికి మే నెల సగం అయిపోయింది. నిజం చెప్పాలంటే వారం రోజుల పని. ఇద్దరమూ సాగదీశాం.

ఆమె రోజూ పన్నెండింటికి వచ్చేది. నా గదిలో అన్నం తినేది. ఒకనాడు నా వెనక నిలబడి, "ఇది నీ సైజు కాదప్పా, పట్టీ ఈపు మీదకి ఎక్కిపోన్నాది" అంది.

"పెళ్ళయిన దగ్గర్నుంచీ ముప్పై ఆరే" అన్నాను.

"ఎవులు కొలిసినారు?"

ఎవరూ కొలవలేదు. మా అమ్మ కొన్నప్పుడు ముప్పై ఆరు, అదే అలవాటు. ఊరందరికీ చెప్పే దాన్ని, నా మెడలో టేపు నాకే చుట్టించుకోలేదు. జోగమ్మ నా మెడలోంచి టేపు లాగి, చంకల కింద నుంచి తిప్పి, వెనక వేలితో నొక్కి పట్టింది. వేళ్ళు వేడిగా ఉన్నాయి. నేను ఊపిరి బిగబట్టాను.

"ఊపిరి ఇడువు, కొలత తప్పిపోద్ది" అంది. నేను అందరికీ చెప్పే మాట అది. "ముప్పై నాలుగు."

ముప్పై నాలుగు తొడుక్కున్నాను. ఒంటికి అంత హాయి అని తెలియక ఇన్నేళ్ళు గడిపినందుకు నామీద నాకే కోపం వచ్చింది.

ఆ వారంలోనే నేనడిగాను. "ఆ వరండా మనిషితో ఏముంది నీకు? నా గది నాకు ఎక్కువే. వచ్చెయ్యి. మిషను మీద నువ్వు కుట్టు, కొలతలు నేను తీస్తాను. సిస్టరమ్మ ఇంకా ఇలాంటి వాళ్ళని పంపుతానంటోంది."

ఆమె చోళ్ళు చేత్తో రెండుసార్లు కలిపింది. "ఒకటో తారీకుకి వొచ్చేస్తాను" అంది. "ఆడికి పేణం సుకంగుంటాది. నా మొకం సూడక్కర్లేదు."

అప్పటినుంచి రోజుకో వస్తువు తెచ్చుకుంది. ఒకరోజు దువ్వెన. ఒకరోజు రెండు చీరలు. ఒకరోజు సింహాద్రి అప్పన్న పటం. ఒకరోజు తన కంచం. నా కంచం పక్కన ఆ కంచం బోర్లించిన రోజు, షట్టరు దించేశాక ఆ రెండింటినీ చూస్తూ కూర్చున్నాను. ఎవరైనా చూస్తే పిచ్చిదనుకుందురు. జూన్ ఒకటి కోసం ఎదురుచూసినట్టు నేను నా పెళ్ళి ముహూర్తం కోసం కూడా చూడలేదు.

మే ఆఖరి గురువారం. ఇంకా వారం ఉంది. ఆ పొద్దున్న జోగమ్మకి ఆసుపత్రిలో చూపించుకునే రోజు. ఆలస్యమవుతుంది, రానేమోనని ముందురోజే అంది. నేను పొద్దున్నే లేచి ఆఖరి కుట్లు వేసి, చోళ్ళు వేయించి పోసి, జేబు మూశాను. చేతిలో పట్టుకుంటే మనిషి వంట్లో భాగంలాగే ఉంది. ఎంత బాగా కుదిరిందంటే, ఆ సంగతి ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఉండలేకపోయాను. వచ్చే వారం మనిషే వచ్చేస్తుంది గదా, అప్పటిదాకా ఆగితే ఏం పోయేది? ఆగలేదు.

వాళ్ళ పక్క క్వార్టరులో సుబ్రహ్మణ్యం గారింట్లో ఫోనుంది. అవసరానికి ఆ నంబరు ఇచ్చింది జోగమ్మ. చేశాను. వాళ్ళమ్మాయి శ్రుతి ఎత్తింది. కాలేజీ పిల్ల. భిలాయిలోనే పుట్టింది, తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తిరగదు. లైనులో గరగరమని ఒకటే చప్పుడు.

"హలో, కౌన్?"

"నేనేనమ్మా. జోగమ్మ బాడీ తయారైంది. వాళ్ళింట్లో చెప్పి తీసుకెళ్ళమను. ఆరింటికి మూసేస్తాం, ఆ లోపల రమ్మను."

"జీ" అంది సన్నగా. లైను పోయింది.

చెప్పాను గదా, నోరారా బాడీ అంటానని. ఆ పిల్ల పుట్టిన ఊళ్ళో ఆ మాటకి ఒక్కటే అర్థం. ప్లాంటులో ప్రమాదం జరిగితే ఆ మాట ఫోనులోనే వస్తుంది. తెల్లగుడ్డ కప్పి ఆసుపత్రిలోంచి ఇచ్చేదాన్ని బాడీ అంటారు. జోగమ్మ ఆంటీ పొద్దున్న ఆసుపత్రికి వెళ్ళడం ఆ పిల్ల కళ్ళారా చూసింది. ఇల్లు తాళం. ఇంకేం చేస్తుంది పాపం, ఏడుస్తూ కోక్ ఓవెన్స్‌కి ఫోను చేసింది.

ఇదంతా నాకు అప్పటికి తెలియదు. పన్నెండున్నరకి జోగమ్మే స్వయంగా వచ్చేసింది. డాక్టరు తొందరగా చూసి పంపేశాడట, నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"ఫోను చేశాను, అందిందా?" అన్నాను.

"ఇంటికెల్తే గదా" అంది.

తెర వెనక తొడిగాను. కొక్కేలు పెట్టాను. పట్టీ కింద రెండు వేళ్ళు దూరాయి, మూడోది దూరలేదు. జాకెట్టు తొడుక్కుంది, చీర సర్దుకుంది, అద్దం ముందు పక్కకి తిరిగింది, ఇంకో పక్కకి తిరిగింది. భుజాలు సమంగా ఉన్నాయి. కొంగు ఒకే భుజం మీద వేసుకుంది. ఆ ఎండాకాలమంతా రెండు భుజాలూ కప్పుకున్న మనిషి.

"అప్పా" అంది.

అప్పుడు గుమ్మంలో నీడ పడింది. మగమనిషి. నెత్తిన హెల్మెట్టు, కాళ్ళకి ఇనప బూట్లు, మొహమంతా బొగ్గు. అలవాటు కొద్దీ, "బాహర్, భయ్యా, బాహర్!" అని అరిచాను. వినలేదు. బూట్లతో లోపలికి వచ్చేశాడు. తొమ్మిదేళ్ళలో నా కొట్టు గుమ్మం దాటిన మొదటి మగాడు.

నా అరుపు విని జోగమ్మ తెర తప్పించి బయటికొచ్చింది.

అతను ఆమెని కాళ్ళ దగ్గర్నుంచి నెత్తిదాకా చూశాడు. మళ్ళీ కాళ్ళు చూశాడు.

"తిన్నావేటి?" అన్నాడు.

"లేదు. డూటీ ఇడిసేసి ఇలగొచ్చినావేటి?" అంది జోగమ్మ బెదిరిపోయి. "ఏటయ్యింది?"

"ఏట్లేదు." కొనేవాళ్ళు కూర్చునే స్టూలు మీద కూలబడ్డాడు. "బాడీ తయారయ్యినాది, అట్టుకెల్లమన్నారని ఫోనొచ్చినాది. ఆరింటికి మూసేస్తారంట."

జోగమ్మకి తెలియలేదు. నాకు తెలిసింది.

"మార్చురీ కాడికెల్లినాను" అన్నాడతను నేలకేసి చూస్తూ. "పేరు లేదన్నాడు ఆడు. నానొప్పుకోలేదు. మూడు గుడ్డలెత్తి సూసినాను. మూడూ నువ్వు కాదు. అప్పుడు సిస్టరమ్మ కేకేసి సెప్పినాది, నీ పెళ్ళాం నడుసుకుంటా బాడీల కొట్టుకెల్లినాదీ అని."

హెల్మెట్టు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఏడవడం మొదలుపెట్టాడు. బొగ్గు మొహం మీద రెండు చారలు పడ్డాయి. నాకు జాలేసింది. అబద్ధమెందుకు, కోపం కూడా వచ్చింది. ఇంకో వారం ఆగి ఏడవకూడదా వీడు అనుకున్నాను.

"సంతకం నానే ఎట్టినాను" అన్నాడు.

"ఏ సంతకం?"

"నువ్వు బల్ల మీద మత్తులో ఉన్నప్పుడు డాక్టరు బయటికొచ్చినాడు. మొత్తం తియ్యాల, లేకపోతే బతకదన్నాడు. నిన్నడగనేదు. ఎట్టీసినాను. లేసినాక నీకు సెప్పలేకపోన్నాను. నీ మొకం సూస్తే అడిగేస్తావని..."

నాలుగు నెలలు వరండాలో పడుకున్న సంగతి అదన్నమాట. జోగమ్మ అతని ముందు నిలబడి ఉంది, తిన్నగా. నేను కుదిర్చిన భుజాలతో.

"ఎట్టకపోతే నానుందునా, ఎర్రోడా?" అంది.

అంతే అంది. కొంగుతో అతని మొహం మీద బొగ్గు తుడిచింది. కొంగు నల్లబడింది. అతను ముక్కు ఎగబీల్చి, "సోళ్ళు ఏయించినారేటిక్కడ?" అన్నాడు.

జోగమ్మ నా వంక చూసింది. ఇద్దరికీ నవ్వాగలేదు. నవ్వుతూనే నేను తెర వెనక్కి వెళ్ళి, టేపు చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టి, కాసేపు అక్కడే ఉన్నాను. నేను బయటికి వచ్చేసరికి ఆమె చెప్పులు తొడుక్కుంటోంది.

"రేపొస్తానప్పా" అంది.

సైకిలు వెనక కూర్చుని వెళ్ళిపోయింది. ఠేలా దగ్గర మగాళ్ళంతా మొదటిసారి ఆకాశం వదిలేసి కిందకి చూశారు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఒకటో తారీకు నేను ఎందుకైనా మంచిదని ఇద్దరికి వండాను. రెండో తారీకు దాన్నే చద్దన్నంగా తిన్నాను. ఆమె మంచి కోరలేదా అంటే కోరాను. నా మంచి కూడా కోరుకున్నాను, అక్కడే వచ్చింది చిక్కు. పుణ్యం వచ్చే పని అనుకోకుండా చేసినవాళ్ళకి పుణ్యం వస్తుందో రాదో నాకు తెలియదు. ఆ ఫోను చెయ్యకపోతే ఎలా ఉండేదని మాత్రం షట్టరు దించిన ప్రతిరోజూ అనుకున్నాను. అప్పటినుంచీ ఫోనులో ఎవరితో మాట్లాడినా "మీ వస్తువు" అంటున్నాను. నన్నిప్పుడు ఎవరూ "దానికి పేరు లేదా?" అని అడగరు.

వానలు పడ్డాయి. జూన్ మూడోవారంలో జోగమ్మ వచ్చింది. రెండో బాడీ కుట్టి ఉంచాను, ఉతికి మార్చుకోవడానికి. మనిషి నిండుగా అయింది. మంచం లోపలికొచ్చిందా అని అడగలేదు. మొహం చూస్తే తెలుస్తూనే ఉంది. అప్పలసూరి ఎదురుగా ఠేలా దగ్గర గొడుగు పట్టుకుని, అందరు మొగుళ్ళలాగే పైకి చూస్తున్నాడు.

"అప్పా, కోపమా?" అంది.

"నాకెందుకు కోపం? తొడుక్కుని చూడు."

సరిపోయింది. నేను కుట్టింది సరిపోకుండా ఉంటుందా? తర్వాత లోపలికి వెళ్ళి, చీరలు, దువ్వెన, అప్పన్న పటం సంచీలో పెట్టుకుంది. కంచం చేతిలోకి తీసుకుని, మళ్ళీ నా కంచం పక్కనే బోర్లించింది.

"ఉండనీ. వొచ్చినప్పుడు తింటాను" అంది.

"అలాగే."

వెళ్ళడానికి గుమ్మం దాకా పోయి, ఆగి, నా వీపుకేసి చూసింది. సంచీ కింద పెట్టి వెనక్కి వచ్చింది. మాటా పలుకూ లేకుండా నా మెడలోంచి టేపు లాగింది. చంకల కింద నుంచి తిప్పింది. వెనక జారకుండా వేలితో నొక్కి పట్టింది.

"ఊపిరి ఇడువప్పా."

విడిచాను.

ఆమె అంకె చూసింది. టేపు సర్ది మళ్ళీ చూసింది.

"ముప్పై రెండు. నెలలో రెండంగుళాలు తగ్గిపోన్నావేటప్పా?"

"ఎండలు కదే" అన్నాను.

బయట పది రోజులుగా ఒకటే వాన.